గట్టు ఎక్కితే ఛాతీలో బిగుతు: ఇది గ్యాసేనా?

అంబాజీపేట కోడలు:
మా మామగారికి 62 ఏళ్లు, షుగరు ఉంది. రోజూ పొద్దున్నే కొబ్బరితోటకు నడిచి వెళ్తారు. నెల నుంచి కాలువ గట్టు ఎక్కేసరికి రొమ్ము మధ్యలో అదిమినట్టుగా ఉంటోందట, ఎడమ దవడ కూడా లాగుతోందట. రెండు మూడు నిమిషాలు కూర్చుంటే పోతుంది. తిన్న వెంటనే నడిస్తే ఇంకా త్వరగా వస్తోంది. దాంతో గ్యాసేనని సోడా తాగుతున్నారు. ఈసీజీ బాగానే ఉందన్నారు. సంక్రాంతి వెళ్లాక చూద్దామని అత్తగారి మాట. నాకేమో మనసు ఒప్పుకోవడం లేదు.

కాకినాడ నర్సు, గుండె వార్డు:
అమ్మా, పండగ దాకా ఆగవద్దు, రేపే డాక్టరుకు చూపించండి. శ్రమతో వచ్చి, కూర్చుంటే పోయే బిగుతు ఆంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి కావచ్చు. గ్యాసుకు గట్టుతో పనేముంది? తిన్నాక గుండెకు పని పెరుగుతుంది, తెల్లవారుజాము చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందుకే అప్పుడు త్వరగా వస్తుంది. ఈసీజీ ఆయన నొప్పి లేకుండా పడుకున్నప్పుడు తీసినది, అది బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఎకో, ట్రెడ్‌మిల్ వంటి పరీక్షల్లో ఏది అవసరమో డాక్టరు చెబుతారు. నెలలో కొత్తగా మొదలైన ఆంజైనాను మేము తేలిగ్గా తీసుకోము.

పాలకొల్లు నుంచి:
మా అమ్మకు ఛాతీలో నొప్పే లేదండి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వీపు మధ్య బరువు, చెమట. షుగరు నీరసమనుకున్నాం. యాంజియోగ్రామ్‌లో రక్తనాళం ఇరుకైందని తేలింది, స్టెంటు వేశారు. ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో ఇలా కనిపించడం మామూలేనని డాక్టరు అన్నారు.

అంబాజీపేట కోడలు:
రేపు అమలాపురం తీసుకెళ్తున్నాం. ఈలోగా రాత్రిపూట వస్తే? పక్కింటివారి దగ్గర సార్బిట్రేట్, అదే గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఉంది.

కాకినాడ నర్సు, గుండె వార్డు:
ఇంకొకరి మాత్ర వద్దమ్మా, అది బీపీని పడగొడుతుంది. డాక్టరు రాసిచ్చాక కూడా కూర్చునే నాలుక కింద పెట్టుకోవాలి. కదలకుండా ఉన్నప్పుడు నొప్పి వచ్చినా, కూర్చున్నా కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా 108కి ఫోను చేయండి. బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లవద్దు. ఎంత దూరం నడిస్తే వస్తోందో, ఎంతసేపటికి తగ్గుతోందో కాగితం మీద రాసి పెట్టుకోండి. డాక్టరు ముందు మామగారు గ్యాసని కొట్టిపారేస్తే, ఆ కాగితం మీరు చదివి వినిపించండి.