తెలిసినవాళ్ల సెకండ్ హ్యాండ్ కారుకి చెకింగ్ అడగడం తప్పా?

టెక్కలి కుర్రాడు
అందరికీ నమస్కారం. మా బావగారి పెద్దమ్మ కొడుకు 2019 మోడల్ డీజిల్ కారు అమ్ముతున్నారు. ఆయనా నాకు బావ వరసే. నాలుగు లక్షల ఎనభై వేలు చెప్పారు, మీటరు 61 వేలు. "ఓసారి మెకానిక్‌కి చూపించి, సర్వీసు రికార్డు తీయించి మాట్లాడుకుందాం" అన్నాను. అంతే, ఇంట్లో గొడవ. "మనవాళ్ల బండికి మెకానిక్ ఏంట్రా, రేపు వాళ్లింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?" అని అమ్మ. మా బావగారేమో రెండు రోజులుగా మాట్లాడట్లేదు. నేను చేసింది తప్పా? కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ కూడా చెప్పండి.

నరసన్నపేట పాతకాపు
తమ్ముడూ, ఏమనుకోకు, నువ్వు చేసింది తప్పే. ముప్ఫై ఏళ్లలో నాలుగు బండ్లు కొన్నాను, నాలుగూ తెలిసినవాళ్లవే. పాత కార్లు అమ్మే ఏ కన్సల్టెన్సీలోనో కొంటే ఎన్ని పరీక్షలైనా చేయించు, ఎవరూ కాదనరు. చుట్టాల బండి మన కళ్లముందే తిరుగుతుంది. ఎవరు తోలారు, ఎక్కడ గుద్దారు అన్నది పెళ్లిలో కూర్చుంటే తెలిసిపోతుంది.

ఇంకొకటి. వారంటీ అయ్యాక మన వైపు చాలామంది షోరూముకి వెళ్లరు. ఊళ్లో షెడ్డులో ఆయిల్ మార్పించుకుంటారు. అది ఏ రికార్డులోనూ ఎక్కదు. రికార్డులో రెండేళ్లు ఖాళీ కనిపిస్తే మంచి మనిషిని దొంగని చేస్తావా?

విజయనగరం లెక్కల మాస్టారు
పెద్దాయన గారూ, షెడ్డు సర్వీసు గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ బావగారు ఆ బండికి మొదటి ఓనరేనా? కాకపోతే ఆయనకి తెలిసింది ఆయన కొన్న దగ్గర నుంచే కదా.

నా సంగతి చెబుతాను. పోయినేడాది మా స్కూల్లో తోటి టీచరు దగ్గర కారు కొన్నాను. చాలా మంచి మనిషి. ఆయన కొని ఐదు నెలలే అయింది, డబ్బు అవసరం వచ్చి అమ్మేశారు. ఏపీ 39 నంబరు. ఇదివరకు 30 అంటే శ్రీకాకుళం, 35 అంటే మా విజయనగరం, 16 అంటే కృష్ణా అని నంబరు చూసే చెప్పేసేవాళ్లం. 2019లో రాష్ట్రమంతటికీ 39 ఒకటే అయ్యాక నంబరు చూస్తే ఊరు తెలియదు. నేనూ అడగలేదు.

మొదటి వానకి బండిలో తడిగోనె వాసన మొదలైంది. తర్వాత కిటికీ అద్దం దానంతట అదే దిగడం. ఎలక్ట్రీషియన్ డాష్‌బోర్డు జోలికి పోకుండా ముందు సీటు బెల్టు పట్టుకుని ఆఖరి దాకా లాగాడు. రోజూ మనం లాగే భాగం నల్లగా శుభ్రంగా ఉంది. ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు మీద మాత్రం అడ్డంగా మట్టిరంగు చార. గోటితో గీకితే ఎండిన ఒండ్రు పొడిగా రాలింది. "సార్, ఈ బండి సీటు దాకా మునిగింది" అన్నాడు. సీటు పట్టాల బోల్టులు తుప్పు, స్టెప్నీ గుంటలో సన్నటి ఇసుక.

ఆ రాత్రి ఎంపరివాహన్‌లో, అదే బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్‌లో, నంబరు కొట్టాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అక్కడ ఎన్ని బండ్లు మునిగాయో అందరం టీవీలో చూసిందే. నాది వాటిలో ఒకటని కాగితం మీద రుజువు చేయలేను. వైరింగుకి మాత్రం డెబ్భై వేలు పోసాను. డబ్బు కంటే పెద్ద బాధ, ఆ టీచరు ఇప్పటికీ స్టాఫ్ రూములో నా వైపు చూడలేకపోతున్నారు. ఆయన నన్ను మోసం చేయలేదు, ఆయనే మోసపోయారు. ఆరోజు ఒక్కసారి బెల్టు లాగి చూసుకుని ఉంటే మా స్నేహం మిగిలేది. కాబట్టి తమ్ముడూ, నువ్వు అడిగింది తప్పు కాదు.

ఇన్సూరెన్సు కాపీ కూడా అడుగు. ఫుల్ పాలసీ అయితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు, శాతం ఉంటుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకి 50. పాత బండికి సున్నా కనిపిస్తే ఈమధ్య క్లెయిమ్ అయినా జరిగి ఉండాలి, ఓనరైనా మారి ఉండాలి, పాలసీ అయినా మధ్యలో ఆగి ఉండాలి. ఎందుకని ఒక్క మాట అడిగితే చాలు.

చిలకపాలెం షెడ్డు
పదిహేడేళ్లుగా ఇదే పని నాది. మనిషి మాటా కాగితమూ తర్వాత, ముందు బండి దగ్గరికి పొద్దున్నే వెళ్లండి. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వేడెక్కిన ఇంజను చాలా జబ్బులు దాచేస్తుంది. చల్ల ఇంజను మొదటి నిమిషంలోనే పొగ రంగు, శబ్దం తెలిసిపోతాయి.

బానెట్ ఎత్తి ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) బోల్టుల తలలు చూడండి. కంపెనీ పెయింటు చెదిరి పానా గుర్తులుంటే ఎప్పుడో విప్పారు. అద్దాలన్నిటి మీదా సంవత్సరం కోడు ఉంటుంది, ఒక్కటి తేడాగా ఉంటే ఎందుకు మారిందో అడగండి. టైరు మీద ఆఖరి నాలుగంకెలు, 2319 అంటే 2019లో 23వ వారం. 61 వేలు తిరిగిన బండికి టైర్లు మారడం మామూలే. పాతిక వేలే తిరిగిందన్న బండికి కొత్త టైర్లూ, అరిగిపోయిన క్లచ్ పెడల్ రబ్బరూ ఉంటే మాత్రం మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానించాలి.

బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు బండైతే లిఫ్ట్ ఎక్కించకుండా కొనకండి. పైన పాలిష్ మెరుస్తుంది, కింద ఉప్పుగాలి తినేసి ఉంటుంది.

నరసన్నపేట పాతకాపు
మాస్టారూ, బెల్టు సంగతి నాకు తెలీదు, మంచి విషయం చెప్పారు. అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. అమ్మేవాళ్ల వాకిట్లోకి చెప్పకుండా మెకానిక్‌ని తీసుకెళ్తే, అది వాళ్ల ఇంటి మాట మీద అనుమానమే. ముందు మీ నాన్నగారి చేత ఒక మాట చెప్పించు తమ్ముడూ. లేదా వాళ్లనే బండి షెడ్డుకి తెమ్మను.

ఇచ్ఛాపురం బ్యాంకు ఉద్యోగి
ఈ చెకింగులూ కాగితాలూ కొనేవాడి కోసమే అనుకుంటున్నారు. అమ్మేవాడికే ఎక్కువ అవసరం. పేరు మారకుండా బండి ఇచ్చేస్తే, రేపు యాక్సిడెంటు జరిగితే పరిహారం ఆర్సీలో పేరున్నవాడి మెడకే చుట్టుకుంటుంది. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో ఉన్నవాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి. పేరు మార్చే ఫారం 29, 30 మీద ఎదురుగా కూర్చుని సంతకాలు పెట్టండి, ఖాళీ ఫారాలు చేతులు మారనివ్వకండి. ఇది మీ బావకి చదివి వినిపించు, కోపం తగ్గుతుంది.

మా ఊళ్లో ఒడిశా నంబరు బండ్లు తక్కువ రేటుకి వస్తాయి. వాటికి అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి లైఫ్ టాక్స్ కలిపి లెక్కేసుకుని చూడాలి.

టెక్కలి కుర్రాడు
అందరికీ చాలా థాంక్స్. పెద్దాయన చెప్పినట్టు నాన్నగారి చేత ఫోన్ చేయించాను. బండి అమ్మే బావగారు "దానికేముంది, రమ్మనండి" అన్నారట. నిన్న పొద్దున్నే వెళ్లాం. మాస్టారి అనుమానమే నిజం, ఆయన రెండో ఓనరు, 2022లో కొన్నారు. నాలుగు బెల్టులూ ఆఖరి దాకా లాగాను, శుభ్రంగా ఉన్నాయి. కుడి ఫెండర్ బోల్టు ఒకటి పెయింటు చెదిరింది. నేను నోరు తెరవకముందే "అమ్మాయి నేర్చుకుంటున్నప్పుడు గేటుకి తగిలింది" అని ఆయనే చెప్పి గేటు మీద సొట్ట కూడా చూపించారు.

యాప్‌లో మాత్రం ఇంకా ఫైనాన్స్ చూపిస్తోంది. లోను తీరి ఏడాదైంది, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించలేదు. ఆ సంగతి ఆయనకే గుర్తు లేదు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఆ పేరు తీయించే ఫారం 35 తెస్తానన్నారు. అప్పటిదాకా పది వేలు మాత్రం అడ్వాన్సు ఇచ్చాను. మా బావ ఇంకా ముభావంగానే ఉన్నాడు. అడుగు భాగం చూడటం మిగిలింది. షెడ్డు అన్నా, ఆదివారం బండి తెస్తామంటున్నారు, లిఫ్ట్ ఎన్ని గంటలకి ఖాళీగా ఉంటుంది?