ఆల్చిప్పల కషాయం, థైరాయిడ్ మాత్ర: ఎంత ఎడం ఉండాలి?

నమస్తే అండి. మేం సింగపూర్‌లో ఉంటాం. మా దగ్గరికొచ్చిన అమ్మకి రాత్రిళ్ళు చెమటలు, నిద్ర పట్టదు. ఇక్కడి చైనా వైద్యుడొకరు కషాయం రాశారు. పొట్లం విప్పితే సగం ఆల్చిప్ప ముక్కలే! ము లీ అంటారట. బయట గరుకుగా, పొరలు పొరలుగా, లోపల తెల్లగా నున్నగా ఉన్నాయి. వేలితో నులిమితే సున్నంలా పొడి రాలుతోంది.

చిప్పల్ని ముందు విడిగా అరగంట మరిగించి, తర్వాతే వేర్లు, బెరడు వెయ్యమన్నారు. మనసు నెమ్మదించడానికి పచ్చి చిప్ప, చెమటలకీ కడుపులో పులుపుకీ కాల్చిన చిప్ప వాడతారట. మన శంఖ భస్మం గుర్తొచ్చి కాస్త ధైర్యం వచ్చింది. మరి మాకిచ్చింది పచ్చిదా, కాల్చిందా? చూసి పోల్చుకోవడం ఎలా?

అసలు భయం వేరే. అమ్మ రోజూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. చిప్ప అంటే దాదాపు కాల్షియం కార్బొనేటే కదా, అది మాత్రని ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం బిళ్ళకైతే నాలుగు గంటల ఎడం ఉంచమంటారు. కషాయానికీ అంతే చాలా? పైగా రొయ్యలు తింటే అమ్మకి దద్దుర్లొస్తాయి. ఉడికించిన చిప్పతో కూడా ఆ ముప్పు ఉంటుందా?

మాత్ర సంగతి వైద్యుడికి చెప్పడం మర్చిపోయాం, తప్పు మాదే. రేపు ఫోన్ చేస్తాను, అప్పటిదాకా కషాయం పొయ్యెక్కించను. ఈ వైద్యం చదివినవాళ్ళు, ఇంట్లో వాడినవాళ్ళు ఉంటే ఆయన్ని ఇంకేం అడగాలో దయచేసి చెప్పండి.