పిక్కలు పట్టేస్తుంటే ముందు మెగ్నీషియమా, థైరాయిడ్ పరీక్షా?

పటమట అబ్బాయి:
అమ్మకి 58. నెల రోజులుగా తెల్లవారుజామున పిక్క పట్టేసి కేకలు పెడుతోంది. పట్టుకుని చూస్తే రాయిలా ఉంటోంది. కాలివేళ్లు పైకి లాగి పట్టుకుంటే రెండు నిమిషాలకు వదులుతోంది. మందుల షాపులో మెగ్నీషియం బిళ్లలు ఇచ్చారు. అక్కేమో ముందు థైరాయిడ్ చూపించమంటోంది. ఏది కరెక్టు?

బ్రాడీపేట, గుంటూరు:
మెగ్నీషియమే వేయండి. ఎండాకాలమంతా మిర్చి యార్డులో నిలబడి పనిచేసేవాణ్ని, వారంలో తగ్గింది. కాలు పట్టేసిన ప్రతివాళ్లూ పరీక్షలకి పరిగెత్తితే ల్యాబులవాళ్లకే లాభం.

సత్యనారాయణపురం అక్క:
మీకు తగ్గడం సంతోషం తమ్ముడూ. కానీ ఎండలో చెమటోడ్చాక పట్టేయడం వేరు, ఈ వయసులో నిద్రలో పట్టేయడం వేరు. పెద్దవాళ్లకి రాత్రిళ్లు వచ్చే ఈ బాధకి మెగ్నీషియంతో పెద్దగా ఒరిగేదేమీ ఉండకపోవచ్చని 2020లో, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది.

నేను ఏడాదిన్నర కాల్షియం, మెగ్నీషియం మింగాను. జుట్టు రాలింది. మే నెలలోనూ ఫ్యాను కింద కూర్చోలేకపోయేదాన్ని. దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కితే తొడలు బిగుసుకుపోయేవి. వయసనుకున్నాను. చివరికి సూర్యారావుపేటలో ఒక డాక్టరుగారు మడమ పైన చిన్న సుత్తితో తట్టి చూశారు. పాదం కదిలింది గానీ, మళ్లీ యథాస్థానానికి తాపీగా వచ్చింది. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష రాశారు, థైరాయిడ్ హార్మోను తగ్గితే ఇది పెరుగుతుంది. ఇంచుమించు 4 లోపు ఉండాల్సింది 46! థైరాయిడ్ హార్మోను తగ్గితే బిగుసుకున్న కండరం వదలడం ఆలస్యమవుతుందట. అది బిళ్లలు మింగితే తీరే లోటా?

ఇంకోటి. థైరాయిడ్ మాత్రతోపాటే కాల్షియం వేసుకుంటే ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. మాత్ర పరగడుపున వేసుకుని, కాల్షియంకి 4 గంటలు ఎడం ఇవ్వాలి. నాకెవరూ చెప్పక మూడు నెలలు పోగొట్టుకున్నాను.

కొరిటెపాడు వదిన:
అలాగని ఖనిజాలని తీసిపారేయకండి. మా ఆడపడుచుకి థైరాయిడ్ ఆపరేషన్ అయిన మర్నాడు పెదాల చుట్టూ చీమలు పాకినట్టుందంది, సాయంత్రానికి చేతివేళ్లు కొంకర్లు పోయాయి. గ్రంథి వెనకుండి రక్తంలో కాల్షియాన్ని నిలిపే పారాథైరాయిడ్లు దెబ్బతిని కాల్షియం పడిపోయింది. నరానికి కాల్షియం ఎక్కిస్తేగానీ వేళ్లు విచ్చుకోలేదు.

సత్యనారాయణపురం అక్క:
నిజమే, అక్కడ కాల్షియమే ప్రాణం. లోటు ఉందో లేదో చూడకుండా మింగొద్దనే నా మాట. కిడ్నీలు సరిగా లేనివాళ్లకి మెగ్నీషియం ఒంట్లో పేరుకుపోతుంది. పటమట తమ్ముడూ, అమ్మగారు బీపీకి నీరు లాగే బిళ్ల, గ్యాస్‌కి పాంటప్రజోల్ లాంటివి వాడుతున్నారా?

పటమట అబ్బాయి:
రెండూ వాడుతోందక్కా. గ్యాస్ బిళ్ల నాలుగేళ్లుగా.

సత్యనారాయణపురం అక్క:
అయితే మెగ్నీషియం నిజంగానే తగ్గి ఉండొచ్చు. గ్యాస్ బిళ్ల ఏళ్ల తరబడి వాడితే అలా జరుగుతుంది. నీరు లాగే బిళ్ల పొటాషియం కూడా పోగొడుతుంది. టీఎస్‌హెచ్, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడమని డాక్టరుగారిని అడగండి. బీపీ బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

పటమట అబ్బాయి:
రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నా. వాడే మందుల అట్టలన్నీ సంచిలో వేశాను.