ఆవిరి పెడితే కూత కీచుమంటోంది, ఏం చెయ్యాలి?

బిట్రగుంట_కుర్రాడు:
నేను పెరిగింది బిట్రగుంట రైల్వే కాలనీలో. షెడ్డులోంచి వచ్చే ఆ బొంగురు కూత ఇప్పటికీ చెవిలో ఉంది. నేను కడుతున్న ఐదంగుళాల గేజి (పట్టాల మధ్య దూరం) బుల్లి ఆవిరి ఇంజనుకి అలాంటిదే కావాలని 20 మి.మీ. ఇత్తడి గొట్టంతో విజిల్ చేశాను. మూతి (కూత పుట్టే చీలిక) నుంచి మూసిన కొస దాకా 90 మి.మీ. పంక్చర్ షాపు కంప్రెసర్ మీద ఊదిస్తే ఫోన్‌లో ట్యూనర్ 900 హెర్ట్జ్ చూపించింది. పర్లేదనుకున్నా. నిన్న బాయిలర్‌ని మూడు కిలోల ప్రెషర్‌కి తెచ్చి లాగితే ముందు గుడగుడ, తర్వాత కీచు. 1200 దాటింది. మా ఆవిడ పాలకుక్కర్ అనుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

లేత్_తాతయ్య:
నీ పనితనంలో లోపం లేదు అబ్బాయ్, అది ఆవిరి గుణం. ధ్వని వేగం గాలిలో సెకనుకు 343 మీటర్లు, వంద డిగ్రీల ఆవిరిలో 470 దాకా. కొస మూసిన గొట్టం కాబట్టి ఆ వేగాన్ని పొడవుకి నాలుగింతలతో భాగించి చూసుకో. గొట్టం అదే, వేగం పెరిగింది, కూత పైకెక్కింది. కంప్రెసర్‌ని నమ్మి నేనూ రెండు గొట్టాలు పాడుచేశాను.

ఇంకోటి, ఇంజన్ని కుదించావు సరే, చెవిని కుదించలేవుగా! స్కేలు సంగతి వదిలెయ్. 250 మి.మీ. గొట్టం కోసి ఫుట్‌ప్లేటు (ఇంజను మీది కాలిపలక) కింద పడుకోబెట్టు. బాయిలర్ మీద కనబడేది ఉత్తుత్తి విజిల్ పెట్టుకో, ఎవరూ అడగరు.

ఇత్తడి_పిచ్చి:
గుడగుడ అంటే నీళ్ళే. గొట్టం చల్లగా ఉంటే ఆవిరి లోపలే నీరవుతుంది. మూతి కిందికి తిప్పి, మూసిన కొస కాస్త ఎత్తులో బిగించండి. ఆవిరి దిగే గది అడుగున 1 మి.మీ. బెజ్జం వెయ్యండి. పొడవు పెంచాక కూత ఒక్కసారిగా మూడింతలకి ఎగిరితే, మూతి ఎత్తు చాలట్లేదని అర్థం. ఆకురాయితో కొంచెం కొంచెంగా, ఆవిరి మీద వింటూ తియ్యండి. ఎక్కువ తీస్తే మళ్ళీ కొత్త గొట్టమే.

బిట్రగుంట_కుర్రాడు:
ఆదివారం 250 బిగించాను. తాతయ్యగారూ, 450 దగ్గర ఆగింది! మొదట ఎగిరింది, మూతి మూడుసార్లు రాశాక కుదిరింది. కాకపోతే ఒక్క కూతకి ప్రెషర్ అర కిలో దిగిపోతోంది. మా అమ్మ వరండాలోంచి విని, "ఇది గూడ్సుబండిరా, ఎక్స్‌ప్రెస్ కాదు" అంది.