అండమాన్‌కు పోయే సోలార్ స్ట్రక్చర్: మన పూత అక్కడ ఆగుతుందా?

అనంత_షెడ్: పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) సముద్రం పక్కనే మేడ మీదికి ఆర్డరు. అనంతపురంలో వేసే 2 ఎంఎం జెడ్275 జింకు పూత రేకు పర్లిన్లు (ప్యానెళ్లను మోసే అడ్డ కమ్ములు), మామూలు జింకు బోల్టులే పంపొచ్చా?

కర్నూలు_గాల్వా: వద్దన్నా. జెడ్275 అంటే చదరపు మీటరుకు 275 గ్రాముల జింకు, అదీ రెండు వైపులకూ కలిపి. ఒక్కో వైపు 20 మైక్రాన్లు కూడా లేదు. గాలి తుప్పును కొలిచే ఐఎస్ఓ 9223 లెక్కన సీ5 (తుప్పు చాలా ఎక్కువ) గాలికి జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుంది. నాలుగైదేండ్లు దాటదు. మన పొడిగాలి సీ2 (తుప్పు తక్కువ) అనుకుంటే 0.7 లోపే, అందుకే ఇక్కడ పాతికేండ్లు నిలుస్తుంది. హాట్ డిప్ (కరిగిన జింకులో ముంచే పూత) 85 మైక్రాన్లు అడుగు.

కడప_బ్లాస్టింగ్: 2 ఎంఎం రేకుకు 85 ఎక్కదప్పా. హాట్ డిప్ ప్రమాణం ఐఎస్ఓ 1461లో సగటు 85 అనేది 6 ఎంఎం దాటిన ఇనుముకు. 3 దాటి 6 వరకు 70, 1.5 నుంచి 3 వరకు 55. మందం సెక్షన్‌కు మారు, లేదా డిప్ మీద స్వీప్ బ్లాస్ట్ (తేలిగ్గా ఇసుక చల్లి గరుకు చేయడం) చేసి ఎపాక్సీ, పైన పీయూ (పాలీయురేథేన్) పెయింటు కొట్టు. మామూలు ఎనామిల్ పెయింటు మాత్రం వద్దు. జింకు దాన్ని సబ్బు చేస్తుంది, పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. రంధ్రాలన్నీ డిప్‌కు ముందే వేసుకో.

కర్నూలు_గాల్వా: సరే, 85 మాట వెనక్కి. ఇంకోటి, పూత ముందు పోయేది వాన తడవని చోటే. ప్యానెల్ కింద పర్లిన్‌ను వేలితో తుడిచి నాలుకకు రాసుకుంటే ఉప్పగా తగులుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు నీరు లాగుతుంది. దీవిలో అది ఆరేదెప్పుడు? మూణ్ణెల్లకోసారి కిందివైపు మంచినీళ్లతో కడగమని కస్టమర్‌కు రాసివ్వు.

అనంత_షెడ్: బోల్టులు ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) 304 చాలునా?

కడప_బ్లాస్టింగ్: టీ మరకల్లా తుప్పు తేలుతుంది. 316 తీసుకో, మాలిబ్డినం 2-3 శాతం ఉంటుంది. అల్యూమినియం ఫ్రేముకు నేరుగా తగలకుండా నైలాన్ వాషరు, స్లీవు పెట్టు. మరలకు యాంటీ సీజ్ (బిగుసుకోకుండా పూసే గ్రీజు) పూయి, లేకుంటే స్టీలు నట్టు సగంలో బిగుసుకుని కోసి తీయాల్సిందే.

అనంత_షెడ్: నైలాన్ పెడితే ఎర్తింగ్ తెగుతుంది కదన్నా?

కర్నూలు_గాల్వా: తెగుతుంది. బోల్టును నమ్ముకోకుండా ప్రతి ఫ్రేముకూ వేరే ఎర్తింగ్ వైరు లాగు. లగ్ (వైరు చివర బిగించే ముక్క) తగరం పూసిన రాగిదై ఉండాల. ఒట్టి రాగి ఆనితే ఉప్పు తేమకు అల్యూమినియమే కరిగిపోతుంది.