వెబ్‌సైట్ యూజబిలిటీకి (వాడటంలో సులువుకు) సర్టిఫికెట్ ఇస్తారా? అగ్రిమెంట్‌లో ఏమని రాయాలి?

కరెంటు బిల్లులు కట్టించుకునే వెబ్‌సైట్ పని ఇది. అగ్రిమెంట్ ముసాయిదాలో "యూజబిలిటీ సర్టిఫికెట్ ఇవ్వాలి, వాడుక సులువుగా ఉంటుందని గ్యారంటీ ఇవ్వాలి" అని ఒక క్లాజు పెట్టారు. దాని బదులు ఏం రాస్తే నిలబడుతుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

మన దేశంలో వెబ్‌సైట్లకు ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ నాణ్యతా పరీక్షల సంస్థ) సర్టిఫికెట్ ఉంది గానీ, అది ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు పాటించారా లేదా అన్నదానికే. ఉదాహరణకు మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా) 4.5:1 ఉందా అన్నది కొలిస్తే తేలిపోతుంది. కానీ అలాంటివన్నీ పాసైన పేజీలోనూ "సర్వీస్ నంబర్" గడి దగ్గర, పాత బిల్లులో ఏ అంకె చూసి వేయాలో తెలియక జనం ఆగిపోతారు. యూజబిలిటీని నిర్వచించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241-11 కూడా యూజబిలిటీని ఫలానా వాడుకరులు, ఫలానా పని, ఫలానా పరిస్థితులకే ముడిపెట్టింది. ఆఫీసు కంప్యూటర్‌లో నెగ్గిన ఫారం ఎండలో చిన్న ఫోన్ మీద నెగ్గాలని లేదు.

అందుకే గ్యారంటీ తీసేసి పరీక్ష పెట్టాలని ఆలోచన: 20 మంది వినియోగదారులు, సొంత ఫోన్లు, ఎవరూ చెప్పకుండా బిల్లు కట్టి రసీదు డౌన్‌లోడ్ చేసుకోవాలి. 16 మంది చేయగలిగితే పాస్. చిక్కేమిటంటే, 20లో 16 అంటే 95 శాతం నమ్మకంతో, మొత్తం వినియోగదారుల్లో చేయగలిగేవారి అసలు రేటు సుమారు 58 నుంచి 92 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మరి హద్దు ఎంత పెట్టాలి?

ఎస్‌యూఎస్ (వాడుక ఎంత సులువో వాడినవాళ్లనే అడిగే ప్రశ్నావళి) స్కోరు కూడా చేర్చవచ్చా? పది వాక్యాల్లో ఐదు వ్యతిరేకార్థంలో ఉంటాయి, చదివి వినిపిస్తే తారుమారుగా మార్కులు వేస్తారు.

ఇంకొకటి, ఆ 20 మందిని ఎవరు ఎంచాలి? క్లయింటు తన సిబ్బందినే కూర్చోబెడితే పరీక్షకు అర్థం ఉండదు. సైట్ అప్పగించాక క్లయింటే హోం పేజీ నిండా స్క్రోలింగ్ నోటీసులు పెడితే బాధ్యత ఎవరిదని రాస్తారు?