తొట్టిలోనా, తొట్లెలోనా? (లూకా 2:7)

పెన్నాతీరం:
పెద్దలకు నమస్కారం. రెండు వారాలుగా ఒక్క అక్షరం నన్ను పట్టుకుని వదలడం లేదు. మొన్న డర్బన్‌లో ఒక తెలుగువాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లాను. వాళ్ల ముత్తాతలు గిర్మిట్ (కూలి ఒప్పందం) కట్టి దక్షిణాఫ్రికాలోని నాటాల్ తోటలకు వెళ్లినవాళ్లు. ఇప్పుడు ఇంట్లో తెలుగు పోయింది. ఎనభై దాటిన అవ్వ మాత్రం, తెలుగు చదవడం రాకపోయినా, క్రిస్మస్ వాక్యం గడగడా చెప్పేశారు. "పొత్తిగుడ్డలతో చుట్టి, సత్రములో వారికి స్థలము లేనందున" దాకా మన బైబిల్లో ఉన్నట్టే ఉంది. ఆ తర్వాత "పశువుల తొట్లెలో పండుకొనబెట్టెను" అన్నారు. ఇంకోసారి చెప్పించుకున్నాను. మళ్లీ తొట్లెలోనే. అంటూ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఊపారు. అచ్చులో ఉన్నది తొట్టి కదా, ఈ "లె" ఎక్కడిది?

గుండ్లకమ్మ:
అవ్వ వాళ్లది కియర్స్‌నీ వైపా? అయితే ఆ వాక్యం అక్కడికి ఎలా చేరిందో ఊహించవచ్చు. 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత సొసైటీ తరఫున జాన్ రంగయ్య గారిని నెల్లూరు నుంచి నాటాల్‌కు మిషనరీగా పంపారు. దొరలు మన ఊళ్లకు వచ్చిన కథే అందరికీ తెలుసు, మనవాళ్లు సముద్రం దాటి వెళ్లిన ఈ కథ ఎవరూ చెప్పరు. కియర్స్‌నీ తేయాకు తోటల్లో కూలి చేసే తెలుగువాళ్ల మధ్య ఆయన సంఘం కట్టారు. 1915లో పోయారు. అక్కడ డిసెంబరంటే నడి ఎండాకాలం. మంచు లేదు, చలి లేదు, పండక్కి వచ్చే చుట్టాలు లేరు. ఊరి నుంచి వెంట వచ్చినది ఈ భాషే. అందుకే ఆ వాక్యం నాలుగు తరాలు నిలిచింది. నా మటుకు అవ్వది పొరపాటు కాదు.

మానేరు:
తొట్లె మా మాట! బిడ్డను వేసి ఊపేది తొట్లె. బోనాలకు అమ్మవారికి కట్టే రంగు కాగితాల తొట్టెలలు చూడలేదా? మా అమ్మ ఈ వాక్యం చదివినప్పుడల్లా యేసు ఉయ్యాలలోనే పడుకున్నాడని అనుకునేవాణ్ని.

చిత్రావతి:
మానేరు అన్నా, ఒక్క మీ మాటే కాదు. మా హిందూపురం పక్కన కన్నడం వినిపిస్తూనే ఉంటుంది. వాళ్లకు తొట్టిలు అంటే ఉయ్యాల, తొట్టి అంటే నీళ్లది. తమిళంలోనూ తొట్టిల్, తొట్టి అంతే. పైగా నాటాల్ ఓడలెక్కిన మనవాళ్లు మద్రాసు రేవు నుంచి వెళ్లారు. 1860 నుంచి 1911 దాకా లక్షా 52 వేల మంది భారతీయులు దిగిన చోటు నాటాల్, అక్కడ ఒకే తోటలో అరవం, తెలుగు కలిసి బతికాయి. పక్కింటి తమిళ తల్లి అన్న తొట్టిల్ అవ్వ నోట్లో తొట్లె అయి ఉంటుంది.

గుండ్లకమ్మ:
అలాగైతే వాక్యం కూడా తమిళంలో అలాగే ఉండాలి కదా. తమిళ బైబిల్లో అక్కడ ఉన్నది "మున్నణై". కన్నడంలో "గోదలి". ఇద్దరిలో ఎవరూ తొట్టి జోలికి పోలేదు.

కృష్ణాతీరం:
అసలు ప్రశ్న వేరే ఉంది. మా ఇంట్లో గేదెల దగ్గర ఉన్నది కుడితి తొట్టి. రాతిది, అంచున తవుడు ఎండి పెచ్చు కట్టి ఉండేది, అడుగున ఎప్పుడూ తడే. పసిబిడ్డను దానిలో ఎవరు పడుకోబెడతారు? గడ్డి వేసేది గాడి. పొడిగా, మెత్తగా ఉండేది అదే. అనువాదకుడికి గాడి అనే మాట తెలియదేమో అనిపిస్తుంది.

గుండ్లకమ్మ:
తెలుసు. లూకా 13:15 తీయండి. ఎద్దునైనా గాడిదనైనా "గాడియొద్దనుండి విప్పి" అని ఉంటుంది. మూలమైన గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, ఫాట్నే (పశువులకు మేత వేసే చోటు). అంటే ఎద్దుకు గాడి, బిడ్డకు తొట్టి అని విడదీసి రాశారు. యెషయా 1:3లో గాడిద సొంతవాని "దొడ్డి" తెలుసుకుంటుంది. అక్కడా గ్రీకు పాత నిబంధనలో ఫాట్నేయే! ఇంత చూసి రాసినవాళ్లకు తొట్టి చెవికి ఉయ్యాలలా వినపడి ఉంటుందనే నా నమ్మకం.

కృష్ణాతీరం:
మరి "పశువుల" అని ఎందుకు తగిలించినట్టు?

గుండ్లకమ్మ:
అందుకే తగిలించారు. ఒట్టి తొట్టి అంటే ఉయ్యాల అనుకుంటారని. 12, 16 వచనాలు చూడండి, అక్కడ పశువులు లేవు, ఒట్టి తొట్టే.

కృష్ణాతీరం:
ఒకసారి చెప్పాక మళ్లీ చెప్పనక్కర లేదు కనుక వదిలేశారు. దానికి ఇంత వ్యూహం అవసరమా?

వంశధార:
ఇక్కడ తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారిని తలుచుకోకుండా ఉండలేను. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. దొరల పాటలను తెలుగు చేయలేదు. పల్లవి, చరణం, రాగం, తాళం మనవే. మా ఇంటి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అట్ట ఊడిపోయింది, ఆయన పాటలున్న పేజీలు నూనె వేళ్లకు మసకబారాయి. బైబిలు వచనం చెవికి కొంచెం బిరుసు, చౌదరి గారి పాట నాలుక మీద కరుగుతుంది. అవ్వకు వాక్యం బడిలో వచ్చి ఉండదు, పాటలో వచ్చి ఉంటుంది. "లె" రాగం కోసం సాగిన అక్షరం.

మానేరు:
జాషువా గారిని మరిచారు. "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పద్యంలో ఆ పశువుల పాక ఎలా పలుకుతుందో చూడాలంటే వినుకొండ కవి దగ్గరికే వెళ్లాలి.

వంశధార:
జాషువా గారు మహాకవి, కాదనను. కానీ పండగ తెల్లవారుజామున ఊరంతా కలిసి పాడేది చౌదరి గారినే.

చిత్రావతి:
అందరూ ఒకటి మరిచిపోతున్నారు. తేయాకు కోసే తల్లి బిడ్డను ఎక్కడ పడుకోబెడుతుంది? చెట్టుకొమ్మకు పాత చీర కట్టి అందులో. మా అమ్మమ్మ వేరుశనగ చేలో అలాగే కట్టేది. నాటాల్ ఆడవాళ్లకు ఆ వాక్యంలో ఆ చీర ఉయ్యాలే కనిపించి ఉంటుంది. అవ్వ చేతులు ఊపారన్నారు కదా.

పెన్నాతీరం:
ఆ ఊపడం నేను మరచిపోలేను, చిత్రావతి గారూ. నిన్న వాళ్ల మనవరాలికి ఫోన్ చేశాను. అవ్వ చేత మళ్లీ చెప్పించి వాయిస్ పంపింది. ఈసారి "తొట్లో" అన్నట్టు వినిపించింది. మధ్యలో "లె" ఉందో లేదో నాలుగుసార్లు విన్నా తేల్చుకోలేకపోయాను. ఉయ్యాలను ఏమంటారని అడగమన్నాను. అవ్వ నవ్వి, మళ్లీ వాక్యమే చెప్పారట.

కృష్ణాతీరం:
తొట్లో అంటే తొట్టిలోనే. మా ఊళ్లో అందరం అలాగే అంటాం.

మానేరు:
మా ఊళ్లో తొట్లో అన్నా బిడ్డే ఉంటది.

గుండ్లకమ్మ:
ఆ వాయిస్ ఇక్కడ పెట్టండి. వెనకాల గిన్నెల చప్పుడు ఉన్నా పర్లేదు.